గోడను బల్ల మీదికి దించిన బట్ట: ఫిలడెల్ఫియా కుడ్యచిత్రాల పనితీరు

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మూడంతస్తుల ఇంటి పక్కగోడ నిండా పరుచుకున్న బొమ్మను చూసినవాళ్లు పరంజా ఎక్కి రంగులు వేసిన చిత్రకారులనే ఊహించుకుంటారు. కానీ ఆ నగరంలో చాలా కుడ్యచిత్రాలు బల్లల మీద పుట్టాయి. అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న పల్చని బట్ట ముక్కల మీద బడిపిల్లలు, వయసు మళ్లినవాళ్లు, చికిత్సా కేంద్రాలకు వచ్చేవాళ్లు, జైల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్లు రంగులు నింపుతారు. ముక్కలు ఆరాక గోడ దగ్గరికి తీసుకెళ్లి జెల్‌తో అంటిస్తారు. పని సరిగ్గా జరిగితే వీధిలోంచి చూసేవాళ్లకు అతుకు కనపడదు.

ఊరి జనం కలిసి చేసే కళ అనగానే సమావేశాలు, అభిప్రాయ సేకరణ, ప్రారంభోత్సవాల మాటే ముందుకొస్తుంది. అవన్నీ కావలసినవే. అయితే ఆ బొమ్మ మీద ఎవరి చెయ్యి పడుతుందో తేల్చేది పని పద్ధతి. ముప్పై అడుగుల ఎత్తున నిలబడి చేయాల్సిన పనిని ఎన్ని సమావేశాల్లో చర్చించినా, చివరికి చేసేది భద్రతా శిక్షణ ఉన్న పదిమందే. ఎనిమిదేళ్ల పిల్లకు, మోకాళ్ల నొప్పుల పెద్దావిడకు, చక్రాల కుర్చీలో తిరిగే మనిషికి అక్కడ చోటుండదు. అదే పనిని పాతిక చదరపు అడుగుల ముక్కలుగా కోసి బల్ల ఎత్తుకు తెస్తే వాళ్లందరూ చెయ్యి కలపగలరు. ఈ పద్ధతి ఎలా నడుస్తుంది, ఎక్కడ చెడుతుంది అన్నది వివరంగా తెలుసుకోవడం ఇలాంటి పని తలపెట్టే ఎవరికైనా అవసరం.

ఇన్ని ఖాళీ గోడలు ఎందుకున్నాయి

ఫిలడెల్ఫియా వరుస ఇళ్ల ఊరు. పక్కపక్క ఇళ్లకు మధ్య ఒకటే ఉమ్మడి ఇటుక గోడ. 1950లో 20 లక్షలు దాటిన నగర జనాభా 2000 నాటికి సుమారు 15 లక్షలకు తగ్గింది. కార్ఖానాలు మూతపడి, జనం శివార్లకు తరలి, ఎన్నో ఇళ్లు పాడుబడ్డాయి. ప్రమాదకరంగా ఉన్నవాటిని కూల్చేశారు. వరుసలో ఒక ఇల్లు పోయినప్పుడు పక్కింటి ఉమ్మడి గోడ తొలిసారి ఎండకూ వానకూ బయటపడుతుంది. దానికి కిటికీ ఉండదు, గుమ్మం ఉండదు. ఎదురుగా ఖాళీ స్థలం ఉంటుంది కాబట్టి వీధిలోంచి మొత్తం కనిపిస్తుంది. బొమ్మకు ఇంతకంటే మంచి జాగా దొరకదు. కాకపోతే ఆ గోడను కట్టినవాళ్లు దాని మీద వాన పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. ఈ ఊరి కుడ్యచిత్రాలను వెంటాడే చిక్కులన్నిటికీ మూలం ఇదే.

1984లో మేయర్ విల్సన్ గూడ్ హయాంలో గోడల మీది రాతలను అరికట్టడానికి యాంటీ గ్రాఫిటీ నెట్‌వర్క్ పెట్టారు. ఇక రాయబోమని హామీ పత్రం మీద సంతకం పెట్టిన కుర్రవాళ్లకు పని చూపించడం అందులో భాగం. వాళ్లతో పనిచేయడానికి జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని తీసుకున్నారు. రాసేవాళ్ల చేతుల్లో ఉన్న నేర్పును ఆమె బొమ్మల వైపు మళ్లించారు. 1996లో అది మ్యూరల్ ఆర్ట్స్ ప్రోగ్రామ్‌గా విడిగా నిలబడింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా నగరంలో వేసిన బొమ్మలు నాలుగు వేలు దాటాయి.

బట్ట మీద వేసి అంటించే పద్ధతికి దారి తీసినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు లాస్ ఏంజెలెస్ చిత్రకారుడు కెంట్ ట్విచెల్. 1990లో ఆయన ఫిలడెల్ఫియా రిడ్జ్ అవెన్యూలో బాస్కెట్‌బాల్ ఆటగాడు జూలియస్ ఎర్వింగ్ నిలువెత్తు బొమ్మను మూడంతస్తుల ఎత్తున నిలబెట్టారు. ఆట దుస్తుల్లో చూపించకుండా మామూలు సూటులో, పెద్దమనిషిలా చూపించారు. నగరంలో కుడ్యచిత్రాల మీద జనానికి గురి కుదిరించిన బొమ్మల్లో అదొకటి.

ఇదే దేశంలో మరో పెద్ద ప్రయత్నాన్ని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా 1976లో మొదలుపెట్టిన గ్రేట్ వాల్ వరద కాలువ గోడ మీద అర మైలు పొడవున సాగుతుంది. నాలుగు వందల మందికి పైగా యువత అందులో పనిచేశారు. పని నేరుగా కాంక్రీటు మీదే కాబట్టి కాలువ ఎండి ఉండే వేసవుల్లోనే సాగింది. 1976, 1983 మధ్య అయిదు వేసవులు పట్టింది. ఎండలో, కాలువ అడుగున, రోజంతా నిలబడగలిగినవాళ్లే ఆ పనికి సరిపోయారు. అది గొప్ప పని, అందులో అనుమానం లేదు. దాని పద్ధతి మాత్రం యువతను పిలిచినట్టు పెద్దవాళ్లను పిలవలేదు.

బట్ట, కొలత, అంకె

వాడేది నేత లేని పాలియెస్టర్ బట్ట. పనివాళ్లు పారాచూట్ క్లాత్ అంటారు, దుకాణాల్లో పాలీట్యాబ్ అనే పేరుతో దొరుకుతుంది. పోగులు లేవు కాబట్టి కోసిన అంచు పీచు లేవదు. కాగితంలా పల్చన, కొద్దిగా పారదర్శకం. రంగు పీల్చుకున్నాక గోడ మీద పూతతో పాటు పూతలా ఇమిడిపోతుంది. చుట్ట వెడల్పు సుమారు అయిదడుగులు కాబట్టి అయిదడుగుల చదరం సహజంగా కుదిరింది. ఇంకో సౌకర్యం కూడా ఉంది: అయిదడుగుల బల్లకు ఏ పక్కన నిలబడినా పెద్దవాళ్ల చెయ్యి మధ్య దాకా, అంటే రెండున్నర అడుగుల దూరం, అందుతుంది. నలుగురు నాలుగు వైపులా నిలబడి ఒకే ముక్క మీద పనిచేయవచ్చు. చిన్నపిల్లలకు అంత దూరం అందదు. ముక్కను సగానికి కోస్తే గోడ మీద ఒక అతుకు పెరుగుతుంది, అందుకని వాళ్లకు ముక్క అంచుల దగ్గరి భాగాలు ఇవ్వడమే మేలు.

లెక్క ఇలా ఉంటుంది. 30 అడుగుల వెడల్పు, 35 అడుగుల ఎత్తు ఉన్న గోడ 1,050 చదరపు అడుగులు. అడ్డం ఆరు, నిలువు ఏడు, మొత్తం 42 ముక్కలు. మూల చిత్రాన్ని అడుగుకు అంగుళం చొప్పున, 30 అంగుళాలకు 35 అంగుళాలుగా గీస్తారు. దాని మీద అయిదంగుళాలకో గీత గీస్తే ఒక్కో గడి ఒక్కో ముక్క అవుతుంది. గళ్లు కట్టి చిన్న ఫొటోను పెద్ద బొమ్మగా పెంచడం మన సినిమా బ్యానర్ల చిత్రకారులకు చేతికి అలవాటైన పనే. అక్కడ గడి చిత్రకారుడి కంటికి ఆనవాలుగా ఉండేది. ఇక్కడ గడి విడిపోయి వేరే మనిషి చేతికి వెళ్తుంది. అందుకే ఇక్కడ కొలత తప్పితే సర్దడానికి ఎదుట పక్క గడి ఉండదు.

గడిని ప్రొజెక్టర్‌తో అయిదడుగులకు పెంచి బట్ట మీద గీతలు తీస్తారు. లేదా పెద్దగా అచ్చు తీసిన కాగితాన్ని కింద పరిచి, పైన బట్ట వేసి, కనిపిస్తున్న గీతలనే అనుసరిస్తారు. ప్రొజెక్టర్ వాడితే అది గోడకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. కాస్త పక్కకు వంగినా చదరం ఒకవైపు వెడల్పవుతుంది, పక్క ముక్కతో గీత కలవదు. ఆ తర్వాత రంగులను విడగొడతారు. ముఖంలో నీడ అయినా, ఆకాశంలో వెలుగు అయినా, నునుపుగా ఒకదాంట్లోకి ఒకటి కరిగే చోట్లను కూడా అంచులున్న చదును ముక్కలుగా మారుస్తారు. ప్రతి ముక్కకూ ఒక అంకె, ప్రతి అంకెకూ ఒక రంగు డబ్బా. ముప్పై నలభై రంగులకు మించితే డబ్బాలు తారుమారవుతాయి. ఇరవైకి తగ్గితే బొమ్మ బండగా తేలుతుంది.

అంకెలు వేయడంలో తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. చెరగని మార్కర్ పెన్నుతో వేస్తే దాని సిరా అక్రిలిక్ రంగులోంచి పైకి పాకుతుంది. లేత పసుపు మీద ఊదారంగు అంకె తేలుతుంది, ఎన్ని పూతలు వేసినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. పెన్సిల్ గానీ, నీళ్లు కలిపిన లేత అక్రిలిక్ రంగు గానీ వాడాలి. ముక్క గుర్తు, అంటే వరుసకు అక్షరం, నిలువుకు అంకె, పైకి చూపే బాణం, బట్ట వెనక కూడా ఉండాలి. ముందువైపు మాత్రమే రాస్తే రంగు కింద కప్పబడిపోతుంది. ఆకాశం ముక్కలు పన్నెండు ఒకేలా ఉన్నప్పుడు ఏది ఏదో, ఏది తలకిందులో తేల్చుకోవడానికి ఒక పూట పోతుంది.

రంగు నూటికి నూరుపాళ్లు అక్రిలిక్ అయి ఉండాలి. ఈ బట్ట రంగును తాగుతుంది కాబట్టి మొదటి పూతకు లీటరు ఆరు నుంచి ఎనిమిది చదరపు మీటర్లకు మించి రాదు. పై గోడ దాదాపు 97 చదరపు మీటర్లు, రెండు పూతలకు 25 నుంచి 32 లీటర్లు పడుతుంది. ప్రతి రంగునూ ఒక్కసారే కలిపి, 15 శాతం అదనంగా ఉంచుకోవాలి. రెండోసారి కలిపిన నీలం మొదటి నీలంతో కలవదు. డబ్బాలో కలిసినట్టే ఉంటుంది, గోడ మీద ఎండలో రెండు చదరాల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మిగిలిన రంగును గాలి చొరబడకుండా మూసి, అంకె రాసి, చల్లని చోట గడ్డకట్టకుండా దాచాలి. బొమ్మ మరమ్మతుకు వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

రంగుల ఎంపికలో దిక్కు కూడా చూడాలి. దక్షిణం, పడమర ముఖంగా ఉన్న గోడలకు ఎండ దెబ్బ ఎక్కువ. చవక ఎరుపులు, పసుపులు తెలుపుతో కలిపి లేత చేసినప్పుడు ముందుగా వెలిసిపోతాయి. చర్మపు రంగుల్లో ఆ ఎరుపు ఉంటే కొన్నేళ్లకు మొహాలన్నీ బూడిదరంగుకు తిరుగుతాయి. ఐరన్ ఆక్సైడ్ ఎరుపులు, క్వినాక్రిడోన్ ఎరుపులు, థాలో నీలం, థాలో ఆకుపచ్చ రంగులు నిలుస్తాయి. ధర కొంచెం ఎక్కువైనా మొహాలకు, చేతులకు వాటినే వాడాలి.

రంగులు నింపే రోజు

బల్ల మీద ముందు ప్లాస్టిక్ షీటు పరవాలి, దాని మీద బట్టను టేపుతో బిగించాలి. ప్లాస్టిక్ లేకపోతే బట్టలోంచి దిగిన రంగు బల్లకు అతుక్కుంటుంది. ముక్కను ఊడదీయడంలో బట్ట చిరుగుతుంది. ముందే తెల్ల ప్రైమర్ ఒక పూత వేసి ఆరబెట్టిన బట్ట అయితే రంగు తక్కువ తాగుతుంది. కాకపోతే గీతలు తీసే పని ప్రైమర్ తర్వాతే చేసుకోవాలి, ముందు గీసినవి మసకబారతాయి.

కొత్తవాళ్లకు చెప్పవలసింది మూడే మాటలు: గీత దాకా వెళ్లండి, గీత దాటకండి, రంగును నీళ్లతో పల్చన చేయకండి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువ నష్టం దాంతోనే. నీళ్లు కలిపిన కొద్దీ రంగును పట్టి ఉంచే అక్రిలిక్ బంధకం పల్చబడుతుంది. వెంటనే ఏమీ తెలియదు. గోడ మీద మూడో వానాకాలానికి పొడిపొడిగా రాలుతుంది. దానికి వ్యతిరేకంగా దట్టంగా మెత్తితే బ్రష్ గట్లు లేస్తాయి, అంటించేటప్పుడు ఆ గట్ల చుట్టూ గాలి నిలుస్తుంది. పల్చని పూతలు రెండు, మధ్యలో ఆరడానికి సమయం, అంతే.

మొహాలు, కళ్లు, వేళ్ల కొసలు శిక్షణ ఉన్న చిత్రకారులకు వదిలేస్తారు. మిగతా చదును భాగాలు అందరివీ. అంచుల వెంబడి రెండు అంగుళాలు కూడా చిత్రకారులే సరిచేస్తారు, పక్క ముక్కతో కలవాల్సింది అక్కడే కాబట్టి.

పూర్తయిన ముక్కలను మడవకూడదు. చలిలో అక్రిలిక్ పెళుసుబారి మడత దగ్గర చిట్లుతుంది. రంగు వైపు బయటికి ఉండేలా చుట్టాలి, ముక్కకూ ముక్కకూ మధ్య ప్లాస్టిక్ షీటు పెట్టాలి. వేసవిలో వ్యాన్‌లో వదిలేస్తే రంగు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే రంగు ఊడివస్తుంది.

ఇంత సర్దుబాటు ఉన్నా, అంకెల ప్రకారం రంగు నింపడాన్నే భాగస్వామ్యం అనుకోవడం పొరపాటు. బొమ్మ ఏమిటన్నది వేరెవరో తేల్చేశాక మిగిలింది నింపే పని మాత్రమే. ఆ రోజు వచ్చినవాళ్లు సంతోషపడతారు, ఆ సంతోషం నిజమైనదే. కానీ బొమ్మ తమదన్న భావం అంతకుముందే, ఏది వేయాలన్న చోట పుడుతుంది. ఫిలడెల్ఫియాలో నిలిచిన బొమ్మలను చూస్తే వాటిలో కనిపించే మనుషులు ఆ పేట మనుషులే.

గ్రేస్ ఫెర్రీ పేటలో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య ఘర్షణలు రాజుకున్న తర్వాత 1998లో వచ్చిన పీస్ వాల్ అందుకు ఒక ఉదాహరణ. జేన్ గోల్డెన్, పీటర్ పేగాస్ట్ వేసిన ఆ బొమ్మలో రకరకాల చర్మపు రంగుల చేతులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అంత రగులుతున్న పేటలో ఒకరి మొహం వేస్తే అది ఎవరి మనిషి అన్న ప్రశ్న వచ్చేది. చేతులకు ఆ చిక్కు లేదు. అదే సంవత్సరం బ్రాడ్ స్ట్రీట్, స్ప్రింగ్ గార్డెన్ కూడలిలో మెగ్ సాలిగ్‌మన్ ఎనిమిదంతస్తుల ఎత్తున వేసిన కామన్ థ్రెడ్స్‌లో నగర బడుల విద్యార్థులే నమూనాలు. పక్కనే పాతకాలపు పింగాణీ బొమ్మల భంగిమలు కూడా ఉంటాయి, విద్యార్థులూ ఆ బొమ్మలూ నిలుచునే తీరు పోల్చి చూసుకునేలా.

బట్ట ఎంత దూరం వెళ్లగలదో చూపించింది 2004లో వచ్చిన హీలింగ్ వాల్స్. నేరం చేసిన మనిషి ప్రయాణం ఒక గోడ మీద, నేరానికి బలైనవాళ్ల ప్రయాణం పక్క గోడ మీద. చిత్రకారులు సీజర్ వివేరోస్, ప్యారిస్ స్టాన్‌సిల్. నగరం బయట గ్రేటర్‌ఫర్డ్ జైల్లోని ఖైదీలు బట్ట ముక్కల మీద రంగులు వేశారు. నేరబాధితుల కుటుంబాలూ ఆ పనిలో పాలుపంచుకున్నాయి. ఆ రెండు పక్షాలవాళ్లు బొమ్మలో ఏముండాలన్న దాని మీద గట్టిగా వాదించుకున్నారు. రెండు గోడలు విడివిడిగా రావడం వెనక ఆ వాదన ఉంది. శిక్ష అనుభవిస్తున్న మనిషి ఆ గోడలున్న జర్మన్‌టౌన్ అవెన్యూకు రాలేడు. అతని చేతిపని మాత్రం చుట్ట చుట్టుకుని వచ్చింది. నేరుగా గోడ మీద వేసే పద్ధతిలో ఇది ఏ విధంగానూ కుదిరేది కాదు.

గోడ దగ్గర

స్టూడియోలో ఎంత బాగా చేసినా గోడ చెడ్డదైతే అంతా వృథా. ముందు చూడాల్సింది పైన: పిట్టగోడ మీది పలకల సందులు, తూములు, పైకప్పు అంచు. అక్కడ దిగిన నీరు ఇటుకలోంచి పాకి బొమ్మ వెనక చేరుతుంది. బయటికి పోయే దారిని బట్ట, జెల్, వార్నిష్ కలిసి మూసేస్తాయి. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. మొదట బొబ్బలు, తర్వాత బట్ట వెనక తెల్లటి ఉప్పు, ఆ తర్వాత ఇటుక మొహమే బట్టతో పాటు ఊడిరావడం. బొమ్మలను ఎండ పాలిపోయేలా చేస్తుంది, నీళ్లు ఊడగొడతాయి. రెండోదానికి మరమ్మతు లేదు.

పరీక్ష తేలికే. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపు వేసి గోడకు బిగించి కనీసం 16 గంటలు ఉంచాలి. లోపలి వైపు చెమ్మ పట్టిందంటే గోడ ఇంకా సిద్ధంగా లేదు. ఇలాంటి పరీక్షను ఎత్తులో ఒకటి, మధ్యలో ఒకటి, నేలకు దగ్గరలో ఒకటి చేయాలి. కింద మాత్రమే తడి ఉంటే నేల నీరు, పైన మాత్రమే ఉంటే కప్పు నీరు. పాత పెయింటు ఉన్న గోడ అయితే అడుగు చదరం బట్టను జెల్‌తో అంటించి వారం తర్వాత లాగి చూడాలి. బట్టతో పాత పెయింటు కూడా వచ్చేస్తే ఆ పెయింటును మొత్తం గీకెయ్యాల్సిందే.

పాత ఇటుక గోడల సందుల్లో ఉన్నది సున్నం. రాలిపోయిన చోట గట్టి సిమెంటు కూరితే ఇటుక కంటే సందు బలమవుతుంది, గోడ కదిలినప్పుడూ చెమ్మ కదిలినప్పుడూ దెబ్బ ఇటుక మీద పడుతుంది, దాని మొహం పలకలుగా రాలుతుంది. సున్నం పాలు ఎక్కువున్న మెత్తని మిశ్రమమే వాడాలి. కొత్తగా గిలాబా చేసిన గోడ అయితే దాదాపు నెల రోజులు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును, జెల్‌ను రెంటినీ చెడగొడుతుంది.

అంటించేటప్పుడు గోడ అంచును నమ్మకూడదు. నూరేళ్ల ఇంటి గోడ నిలువుగా ఉండదు. తూకం దారం వేలాడదీసి నిలువు గీత, నీటిమట్టంతో అడ్డగీత కొట్టి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఒక్కో ముక్కకు పావు అంగుళం తేడా వస్తే ఏడో ముక్క దగ్గర అది ఒకటి ముప్పావు అంగుళం అవుతుంది. ఒక మొహం రెండు ముక్కల మధ్య పడి ఉంటే కన్ను జారిపోయినట్టు కనిపించడానికి అంత చాలు.

పని పైనుంచి కిందికి. గోడకు రోలర్‌తో అక్రిలిక్ జెల్ పూస్తారు, ముక్కను పరుస్తారు, ప్లాస్టిక్ గీకుడు పలకతో మధ్య నుంచి అంచులకు గాలిని నెడతారు, పైన ఇంకో పల్చని పూత జెల్ వేస్తారు. పక్క ముక్క అంచు అర అంగుళం దీని మీదికి ఎక్కుతుంది. జెల్ తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి ఆరాక కనపడకుండా పోతుంది. వాతావరణం పది డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే అది గట్టిపడదు, తెల్లగానే మిగిలిపోతుంది. నడినెత్తి ఎండలో అయితే బట్ట పరిచేలోగానే పైపొర కట్టి గాలి లోపల చిక్కుకుంటుంది. ఆరకముందు వాన పడితే కారిపోతుంది. కాబట్టి ఫిలడెల్ఫియాలో అంటించే పని వసంతం నుంచి శరదృతువు దాకా, గోడ నీడలో ఉండే పూటల్లో సాగుతుంది. రంగులు నింపే పనికి చలికాలం అంతా దొరుకుతుంది. జెల్ ఎంత పడుతుందో ముందే చెప్పడం కష్టం, గరుకు ఇటుక నున్నటి గిలాబా కంటే చాలా ఎక్కువ తాగుతుంది. ఒక ముక్కను అంటించి, ఎంత పట్టిందో కొలిచి, 42తో హెచ్చవేయడం ఒక్కటే నమ్మదగ్గ దారి.

చివర్న అతుకుల మీద దాచిన రంగులతో సరిచేసి, అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నిష్ రెండు పూతలు వేస్తారు.

బట్ట లేకుండా

ఈ పద్ధతే అన్నిటికీ పనికొస్తుందనుకోవడానికి లేదు. 2009లో స్టీఫెన్ పవర్స్ చేసిన ఎ లవ్ లెటర్ ఫర్ యూ ఎత్తయిన పట్టాల మీద వెళ్లే మార్కెట్–ఫ్రాంక్‌ఫర్డ్ రైలు కిటికీల కోసం చేసింది. వెస్ట్ ఫిలడెల్ఫియాలో 45వ వీధి నుంచి 63వ వీధి వరకు మిద్దెల ఎత్తున 50 గోడల మీద ప్రేమ మాటలు రాశారు. రోజూ పనికి వెళ్లి వచ్చే మనిషి, ఒక్కో మాటను కొద్ది క్షణాలే చూడగలిగే వేగంలో, ఎన్నో రోజులకు మొత్తం ఉత్తరం చదువుతాడు. అక్షరాలు సైన్‌బోర్డు చిత్రకారుల పని. నింపడానికి జనాన్ని పిలవలేదు. పవర్స్ ఆ పేటలోనే పెరిగిన మనిషి, అక్కడే సైన్ దుకాణం తెరిచి దుకాణదారులకు బోర్డులు రాసిచ్చాడు. వాళ్లతో మాటలూ, గోడల ఒప్పందాలూ అక్కడ కుదిరాయి.

డచ్ చిత్రకారులిద్దరు, యెరూన్ కూల్‌హాస్, డ్రే ఉర్‌హాన్, కలిసి 2012లో జర్మన్‌టౌన్ అవెన్యూ దుకాణాల వరుసకు చేసిన ఫిల్లీ పెయింటింగ్ ఇంకో దారి. సుమారు యాభై ఇళ్ల ముఖాలకు రంగుల పట్టీలు వేశారు. పరంజా పనే, కాబట్టి పేటవాళ్లను జీతం ఇచ్చి, శిక్షణ ఇచ్చి పెట్టుకున్నారు. ఒక్కో దుకాణం యజమానితో విడివిడిగా మాట్లాడి రంగులు కుదుర్చుకున్నారు. ఇది ఖర్చుతో కూడిన భాగస్వామ్యం, కొద్దిమందికే. కానీ ఆ కొద్దిమందికి ఒక సాయంత్రం సరదా బదులు నెలల తరబడి కూలీ దక్కింది. ఉపాధి లేని పేటలో ఇది బట్ట ముక్కల రోజు కంటే బరువైన మేలని ఒప్పుకోవాలి.

కాగితం మీద ఉండవలసినవి

గోడ యజమాని రాతపూర్వక అంగీకారం లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. ఇల్లు చేతులు మారితే కొత్త యజమానికి అది వర్తిస్తుందా, పిట్టగోడ బాగుచేయించే బాధ్యత ఎవరిది, బొమ్మ తీసేయాల్సివస్తే ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. అమెరికాలో 1990 నాటి దృశ్య కళాకారుల హక్కుల చట్టం చిత్రకారుడికి కొంత రక్షణ ఇచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ట్విచెల్ వేసిన చిత్రకారుడు ఎడ్ రూషే నిలువెత్తు బొమ్మ మీద 2006లో ఎవరికీ చెప్పకుండా రంగు పూసేశారు. 2008లో 11 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ భవనం మీది బొమ్మలకు 2013లో తెల్లరంగు కొట్టినందుకు 2018లో కోర్టు 67.5 లక్షల డాలర్లు విధించింది. ఈ చట్టం రక్షించేది చిత్రకారుడిని. రంగులు నింపిన పేటవాళ్లకు అందులో మాట లేదు. ఒప్పందంలోనే వాళ్ల తరఫున ఎవరిని సంప్రదించాలో రాసుకుంటే తప్ప ఎవరూ వాళ్లను అడగరు.

ఖాళీ స్థలం ముందున్న గోడ కనుక ఆ స్థలం ఎవరిదో కూడా చూసుకోవాలి. డేవిడ్ గిన్ 2001లో నైన్త్, బెయిన్‌బ్రిడ్జ్ వీధుల దగ్గర వేసిన ఆటమ్ బొమ్మ బాగానే ఉండగానే ఎదుటి స్థలంలో కొత్త ఇల్లు లేచి దాన్ని మూసేసింది. పేట బాగుపడితే స్థలానికి ధర వస్తుంది, బొమ్మ పోతుంది. నగర స్థలం అయితే అమ్మకం ఆలోచన ఉందా, ప్రైవేటు స్థలం అయితే కట్టుకునే అనుమతి ఏమైనా తీసుకున్నారా అన్నది ముందే కనుక్కోవడం ఒక పూట పని.

జనం అంగీకారానికి కూడా గడువుంటుంది. ఇటాలియన్ మార్కెట్‌లో 1995లో వేసిన మాజీ మేయర్ ఫ్రాంక్ రిజో బొమ్మను కొందరు గర్వంగా చూసుకుంటే, ఆయన పోలీసు అధికారిగా నల్లవాళ్ల మీద చేసిన దౌర్జన్యం గుర్తున్నవాళ్లు దాని మీద రంగు చల్లుతూ వచ్చారు. ఎన్నోసార్లు బాగుచేశాక 2020 జూన్‌లో దాన్ని పూర్తిగా పూసేశారు. వేసిన రోజున పేటలో ఎంతమంది సరేనన్నారన్నది ఇరవై అయిదేళ్ల తర్వాత చెల్లలేదు. ఒప్పందంలో పదేళ్లకోసారి పేటవాళ్లతో కూర్చుని గోడ పరిస్థితినీ బొమ్మ పరిస్థితినీ కలిపి చూసే నిబంధన రాసుకుంటే, మరమ్మతు, మార్పు, తొలగింపు మూడింటినీ కొట్లాట లేకుండా తేల్చుకునే వీలుంటుంది. ఆ సమావేశానికి తెచ్చుకోవలసినవి గళ్ల మూల చిత్రం, అంకెల జాబితా, మూసి దాచిన రంగు డబ్బాలు, అంటించిన సంవత్సరం నుంచి ఏటా వానాకాలం తర్వాత తీసిన ఫొటోలు.